వయొలిన్ ఫాంటసీలు వినాలంటే పియానో వెంట పడండి

వయొలిన్ మనకి కొత్తేం కాదు, విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు దాన్ని ఏ ఎత్తుకి తీసుకెళ్ళారో తెలిసినవాళ్ళం. అయినా సరే ఒక వెస్టర్న్ క్లాసికల్ వయొలిన్ ఆల్బమ్ పెట్టుకుని కూర్చుంటే పది నిమిషాలకే చెయ్యి ఫోన్ మీదకి పోతుంది. నాకు తెలిసి కారణం ఒకటే. మనం అలవాటు కొద్దీ ముందు నిలబడ్డ వయొలిన్‌నే వింటాం, వెనకాల పియానో మోగుతుంటే అది పక్కవాద్యం అనుకుని వదిలేస్తాం, అక్కడే బండి పట్టాలు తప్పుతుంది. ఈ సంగీతంలో చాలా చోట్ల కథ నడిపేది పియానోనే, వయొలిన్ దాని మీద తేలుతూ వస్తుంది, కాబట్టి పియానోని వదిలేస్తే మీకు మిగిలేది సగం సంభాషణ, ఫోన్లో అవతలివాళ్ళ మాట వినపడకుండా ఇవతల మనిషి "ఊ, ఆహా" అంటుంటే వినడం లాంటిది.

దీనికి ప్రాక్టీస్ చెయ్యడానికి నేను చెప్పే ఆల్బమ్ జెన్నిఫర్ కో వాయించిన వయొలిన్ ఫాంటసీస్, పియానో రీకో ఉచిదా, షికాగోలోని సెడిల్ రికార్డ్స్ వాళ్ళు 2004లో రిలీజ్ చేశారు. జెన్నిఫర్ కో అమెరికన్, కొరియన్ తల్లిదండ్రుల బిడ్డ, 1994లో మాస్కో చైకోవ్‌స్కీ కాంపిటిషన్‌లో ప్రైజ్ కొట్టింది. ఆల్బమ్‌లో నలుగురు కంపోజర్లు రాసిన నాలుగు ముక్కలు: షూబర్ట్, షూమన్, షోన్‌బర్గ్, ఆర్నెట్ కోల్‌మన్. మొదటి ముగ్గురి పేర్లూ "ష" తోనే మొదలవడం కాకతాళీయమో ఆవిడ చిలిపితనమో గానీ, నాకు నచ్చింది వేరే సంగతి. ఈ నాలుగూ ఇదే వరుసలో వింటే పియానో కొంచెం కొంచెంగా వెనక్కి వెళ్ళిపోతుంది. షూబర్ట్ దగ్గర పియానో సింహాసనం మీద ఉంటుంది, షూమన్ దగ్గర అది ఆర్కెస్ట్రా బదులు పని చేస్తుంది, షోన్‌బర్గ్ దగ్గర వయొలిన్ భాగం అంతా రాసేశాక తర్వాత చేర్చింది, కోల్‌మన్ దగ్గర అసలు పియానోయే లేదు. అందుకే వినే దారి కూడా ఇదే వరుసలో పెట్టుకోండి, ఒక్క బైఠక్‌లో నాలుగూ వినక్కర్లేదు, రోజుకొకటి చాలు.

ఫాంటసీ అంటే ఏంటని మరీ బుర్ర పాడుచేసుకోకండి. సొనాటాకి, అంటే కొన్ని భాగాలుగా రాసే వాద్య రచనకి, ఒక ప్లాన్ ఉంటుంది, ఏ మూవ్‌మెంట్ (భాగం) తర్వాత ఏది రావాలో విని విని చెవికి తెలిసిపోతుంది, ఫాంటసీలో ఆ పూచీ లేదు, రాసినాయన మనసు ఎటు పోతే అటు, కానీ కాగితం మీద ప్రతి నోటూ రాసిపెట్టే ఉంటుంది, స్టేజి మీద అప్పటికప్పుడు అల్లేది కాదు. మన ఆలాపన అలవాటు ఉన్నవాళ్ళు ఇక్కడ కాస్త జాగ్రత్త, వినడానికి అలా అనిపిస్తుంది గానీ ఇది ఆలాపన కాదు.

వినే ముందు ఫోన్‌లో కొన్ని సెట్టింగులు సరిచేసుకోండి, ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సగం అనుభవం ఇక్కడే పాడవుతుంది. షఫుల్ ఆఫ్. క్రాస్‌ఫేడ్ ఆఫ్. గ్యాప్‌లెస్ ఆన్. ఎందుకంటే షూబర్ట్ ఫాంటసీ ఆగకుండా ఒకే ముక్కగా నడుస్తుంది, కానీ యాప్‌లలో చాలా రికార్డింగుల్ని నాలుగైదు ట్రాకులుగా కోసి పెడతారు, మధ్యలో ఒక్క క్షణం ఖాళీ వచ్చినా, లేదా క్రాస్‌ఫేడ్ ఒక ట్రాక్ మీద ఇంకోటి పులిమినా, షూబర్ట్ పడ్డ కష్టమంతా గంగలో కలిసినట్టే. వాల్యూమ్ నార్మలైజేషన్ అని ఒకటి ఉంటుంది, అన్ని ట్రాకుల వాల్యూమ్‌నీ ఒకే స్థాయికి తెచ్చేది, అదీ తీసేయండి, మెల్లగా ఉండాల్సింది మెల్లగానే ఉండాలి. ఇంకో మాట, ఫ్రీ అకౌంట్ అయితే మధ్యలో యాడ్ వస్తుంది, షూబర్ట్ మధ్యలో ఇన్‌స్టంట్ లోన్ యాడ్ వింటే ఆ రోజుకి ఇక ఏం వినబుద్ధి కాదు.

వెతకడం ఒక తలనొప్పి. ఫాంటసీ అనే మాటని ఒక్కో భాషలో ఒక్కోలా రాస్తారు, ఒక స్పెల్లింగ్ కొడితే సగం రికార్డింగులు బయటికే రావు. అందుకని నంబరుతో వెతకండి: షూబర్ట్‌ది డి 934, షూమన్‌ది ఓపస్ 131, షోన్‌బర్గ్‌ది ఓపస్ 47. ఓపస్ అంటే కంపోజర్ రచనలకి అచ్చులో ఇచ్చే వరుస నంబర్. షూబర్ట్‌కి డి ఎందుకంటే ఒట్టో ఎరిక్ డాయిచ్ అనే ఆయన షూబర్ట్ రచనలన్నీ కాలక్రమంలో పేర్చి 1951లో కేటలాగ్ వేశాడు, ఆయన ఇంటిపేరులో మొదటి అక్షరం అది. కొన్నిచోట్ల ఇదే ముక్క ఓపస్ 159 అని కూడా కనిపిస్తుంది, కంగారు పడకండి, షూబర్ట్ పోయిన చాలా ఏళ్ళకి, 1850లో అచ్చేసినప్పుడు పడిన నంబర్ అది.

ఇక షూబర్ట్. ఎక్కువ సేపు ఇక్కడే ఉందాం, ఎందుకంటే ఇది పట్టుబడితే మిగతావి వాటంతట అవే వస్తాయి. 1827 డిసెంబర్‌లో రాశాడు, మరుసటి ఏడు నవంబర్‌లో 31 ఏళ్ళకే పోయాడు. 1828 జనవరి 20న వియన్నాలో మొదటిసారి వాయించారు, వయొలిన్ యోసెఫ్ స్లావిక్ అనే చెక్ కుర్రాడు, పియానో కార్ల్ మరియా ఫాన్ బోక్లెట్. ఆ కచేరీ మీద ఒక పత్రికలో వచ్చిన రివ్యూ తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది: వియన్నా మనిషి మానసికానందానికి కేటాయించుకునే టైమ్ కంటే ఇది ఎక్కువైపోయింది, హాలు మెల్లమెల్లగా ఖాళీ అయింది, నేనూ లేచి వచ్చేశాను కాబట్టి చివర ఏమైందో చెప్పలేను అని ఆ రివ్యూయర్ నిజాయితీగా ఒప్పేసుకున్నాడు. అంటే పది నిమిషాలకి చెయ్యి ఫోన్ మీదకి పోతే మీరేం ఒంటరివాళ్ళు కాదు, రెండు వందల ఏళ్ళ సంప్రదాయం అది.

సుమారు 25 నిమిషాల ముక్క. మొదటిసారి విన్నప్పుడు వయొలిన్‌ని కావాలని పక్కన పెట్టండి. మొదట్లో పియానోలో ఒక వణుకు వినపడుతుంది, రెండు చేతులూ నోట్లని గబగబా మార్చి మార్చి కొడుతూ ఉంటాయి, దాన్ని ట్రెమొలో అంటారు, కానీ చప్పుడు మాత్రం దాదాపు ఉండదు. ఇక్కడ వినపడట్లేదని వాల్యూమ్ పెంచేస్తారు చాలామంది, పెంచకండి, ఆ తర్వాత గట్టిగా వచ్చే చోట చెవులు అదురుతాయి. రూమ్‌లో ఫ్యాన్ తగ్గించుకోండి, బస్సులో ఇయర్‌ఫోన్స్‌తో అయితే ఈ ఓపెనింగ్ అస్సలు ట్రై చెయ్యొద్దు, ఇంజన్ మోతలో మొత్తం కొట్టుకుపోతుంది. ఆ వణుకు మీదకి వయొలిన్ ఒకే ఒక్క పొడుగు నోట్‌తో ఎక్కడి నుంచో వచ్చినట్టు వస్తుంది, అది ఎప్పుడు మొదలైందో మీరు కచ్చితంగా చెప్పలేకపోతే వాయించేవాళ్ళు బాగా వాయిస్తున్నట్టు లెక్క. ఇది జడ్జ్ చెయ్యడానికి నాకు తెలిసిన బెస్ట్ టెస్ట్, ఏ రికార్డింగ్ అయినా మొదటి నిమిషం విని చెప్పేయొచ్చు.

ఈ ట్రెమొలో అంత కష్టం ఎందుకో కూడా తెలిస్తే వినడం మారుతుంది. షూబర్ట్ కాలం నాటి వియన్నా పియానోలు తేలిక, కీ కొంచెం నొక్కితే పలికేవి, నాదం తొందరగా చచ్చిపోయేది, అందుకని అంత వేగంగా కొట్టినా గజిబిజి అయ్యేది కాదు. ఇప్పటి కచేరీ పియానో బరువు, నాదం పొడుగు, దాని మీద అదే వేగంలో, అంత మెల్లగా, ప్రతి నోటూ విడిగా తెలిసేలా కొట్టాలంటే చేతులు పడిపోతాయి. రష్యన్ పియానిస్ట్ నికొలాయ్ లుగాన్‌స్కీ రహ్మానినోవ్ కాన్‌చెర్టోల (సోలో వాద్యానికీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసినవి) కంటే ఇదే కష్టం అన్నాడంటే చూసుకోండి. వినేవాళ్ళకి ఆ కష్టం కనపడకూడదు, అదీ తమాషా, వయొలిన్ ఆయనకి చప్పట్లు, పియానో ఆయనకి చేతి నొప్పులు.

మూడు మూడున్నర నిమిషాల తర్వాత మూడ్ మారుతుంది, అల్లెగ్రెట్టో అనే రెండో భాగం, కాస్త హంగేరియన్ డాన్స్ ఛాయ ఉన్న ట్యూన్. ఇక్కడ చెయ్యాల్సిన పని: వయొలిన్ ఒక మాట అన్న వెంటనే పియానో అదే మాట వెనకాల నుంచి అంటుంది, దాన్ని పట్టుకోండి. ఒకసారి పట్టుకున్నాక ఈ భాగమంతా ఇద్దరూ ఒకళ్ళ మాట ఒకళ్ళు లాక్కునే ఆటలా వినపడుతుంది, ఎవరు ముందు, ఎవరు వెనక అనేది మారుతుంటుంది, వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ వినండి కావాలంటే.

తర్వాత అసలు నడిబొడ్డు, ఆండాంటీనో అనే మూడో భాగం. షూబర్ట్ తను అంతకుముందు రాసిన ఒక పాటని ఇక్కడ తెచ్చి పెట్టాడు, రూకర్ట్ అనే జర్మన్ కవి మాటలకి కట్టిన పాట, దూరమైపోయిన మనిషికి పంపే పలకరింపు. నా సలహా ఏంటంటే ఫాంటసీకి ముందు ఆ పాటని ఒకసారి విడిగా వినండి, డి 741 అని కొడితే వస్తుంది, నాలుగైదు నిమిషాలే, ఎవరు పాడినా పర్లేదు. పాట చెవిలో ఉంటే ఆండాంటీనోలో పియానో మొదట ఆ వరస ఎత్తుకోగానే పాత చుట్టం ఎదురైనట్టు ఉంటుంది, లేకపోతే ఇంకో అందమైన ట్యూన్ అనుకుని దాటిపోతారు. తర్వాత దాని మీద వేరియేషన్లు, అంటే అదే వరసని రకరకాలుగా మార్చి మార్చి వాయించడం. పది నిమిషాల పైనే సాగుతాయి, వియన్నా జనం లేచిపోయింది బహుశా ఇక్కడే అయ్యుంటుందని నా అనుమానం. ఇద్దరి వేళ్ళకీ తీరిక ఉండదు, నోట్లు వాన కురిసినట్టు కురుస్తాయి, వాటిని వెంటాడకండి, లోపల పాట వరస ఎక్కడుందో వెతుకుతూ ఉండండి. కొన్నిసార్లు అది పియానోలో దాక్కుని ఉంటుంది, వయొలిన్ పైన ముగ్గులు వేస్తుంటుంది. ఎక్కడైనా దారి తప్పితే వెనక్కి స్క్రోల్ చెయ్యకండి, తప్పిపోయి నడవండి, చివర్లో షూబర్టే చెయ్యి పట్టుకుంటాడు.

ఎలాగంటే, వేరియేషన్లు తెగకుండానే మొదట్లో విన్న ఆ పియానో వణుకు మళ్ళీ వస్తుంది. మొదటిసారి పియానోని గమనించిన వాళ్ళకే ఈ రాక తెలుస్తుంది, అందుకే మొదట్లో అంత గొడవ చేశాను. అక్కడి నుంచి మార్చ్‌లాంటి జోరు, మధ్యలో ఒక్కసారి పాట మళ్ళీ తొంగి చూసి పోతుంది, ఆ వెంటనే ప్రెస్టో, పరుగు, అయిపోయింది. పాట మళ్ళీ వచ్చే ఆ చిన్న చోటు కోసం నేను మొత్తం 25 నిమిషాలూ వింటాను, అది లేకపోతే ఈ ముగింపు కాస్త గోల గోలగానే ఉండేది.

రెండోసారి విన్నప్పుడు ఇక మీ ఇష్టం, వయొలిన్‌ని వినండి.

షూమన్ మీద ఎక్కువ చెప్పను. 1853 సెప్టెంబర్‌లో యోసెఫ్ యోఅఖిమ్ కోసం రాశాడు, అప్పటికి ఆ వయొలినిస్ట్‌కి 22 ఏళ్ళు, అసలు ఇది వయొలిన్‌కీ ఆర్కెస్ట్రాకీ రాసిన ముక్క. కాబట్టి పియానోతో వింటున్నప్పుడు అక్కడక్కడా పియానో కాస్త మొద్దుగా, నిండుగా వాయిస్తున్నట్టు అనిపిస్తే తప్పు పియానిస్ట్‌ది కాదు, ఆవిడ ఒక్కతే ఆర్కెస్ట్రా మొత్తాన్ని మోస్తోంది. ఇక్కడ మంచి ఎక్సర్‌సైజ్ ఏంటంటే ముందు ఆర్కెస్ట్రా వెర్షన్ ఒకసారి, తర్వాత పియానో వెర్షన్ ఒకసారి విని, తీగవాయిద్యాలు పొడుగ్గా లాగే నోట్లని పియానో ఎలా సర్దుకుంటోందో చూడండి, ఎందుకంటే పియానో నోట్ కొట్టిన క్షణం నుంచీ తగ్గిపోవడమే తప్ప పెరగదు. దిగులుగా నెమ్మదిగా మొదలై వెలుగులోకి వస్తుంది. ఇది రాసిన అయిదారు నెలలకే, 1854 ఫిబ్రవరిలో, షూమన్ రైన్ నదిలోకి దూకాడు, బతికించారు గానీ చివరి రెండేళ్ళూ ఆసుపత్రిలోనే గడిచాయి. ఆ సంగతి తెలిశాక చాలామంది ఈ ముక్కలో పిచ్చి ఛాయలు వెతుకుతారు, నాకైతే అది అన్యాయం అనిపిస్తుంది. దీని వెనకే రాసిన వయొలిన్ కాన్‌చెర్టోని యోఅఖిమ్ బయటపెట్టకుండా దాచేశాడు, 1937 దాకా దాన్ని ఎవరూ పబ్లిక్‌గా వాయించలేదు, ఫాంటసీ మాత్రం ఆయన సంతోషంగా వాయించాడు.

షోన్‌బర్గ్ పేరు వినగానే పారిపోయేవాళ్ళున్నారు, ఆగండి, ఇది పది నిమిషాల లోపే. 1949లో అమెరికాలో రాశాడు, అడాల్ఫ్ కోల్డోఫ్‌స్కీ అనే వయొలినిస్ట్ అడిగితే, ఆ ఏడాది సెప్టెంబర్ 13న లాస్ ఏంజిలెస్‌లో షోన్‌బర్గ్ 75వ పుట్టినరోజు నాడు మొదటిసారి వాయించారు. పైన చెప్పినట్టు వయొలిన్ భాగం మొత్తం ముందు రాశాడు, పియానో తర్వాత, టైటిల్‌లోనే పియానో తోడుతో వయొలిన్‌కి ఫాంటసీ అని పెట్టాడు, ఇక్కడ మాత్రం పియానో నిజంగానే పక్కవాద్యం.

మన చెవికి ఇది ఎందుకు గుచ్చుకుంటుందో చెప్తా. మనకి 12 స్వరస్థానాలు, వాటిలో షడ్జమం ఇల్లు, ఎంత తిరిగినా అక్కడికే వస్తాం, తంబూరా దాన్ని వదలకుండా గుర్తుచేస్తూ ఉంటుంది. షోన్‌బర్గ్ అదే 12 స్థానాల్నీ ఒక వరుసలో పెట్టి, ఏ ఒక్కటీ ఇల్లు కాకుండా చూసుకుంటాడు. కాబట్టి రాగం కోసం వెతికితే దొరకదు, ఆధార శ్రుతి కోసం వెతికితే అస్సలు దొరకదు, వెతకడం మానేయండి. బదులుగా ఎవరో తెలియని భాషలో వాదించుకుంటుంటే గొంతుల్ని బట్టి అర్థం చేసుకుంటాం కదా, అలా హావభావం వినండి: వయొలిన్ కింది తీగ మీద కోపంగా మొదలవుతుంది, ఒక్క గెంతులో పైకి పోతుంది, మధ్యలో తీగని పూర్తిగా నొక్కకుండా వేలు ఆనించి తీసే సన్నటి నాదాలు, ఒక చోట వాల్ట్జ్ ఛాయ, చివర్లో మొదటి కోపం తిరిగి వస్తుంది. మొదటిసారి వయొలిన్ ఒక్కదాన్నే వినండి, వెంటనే రెండోసారి పెట్టి అది ఊపిరి తీసుకునే ఖాళీల్లో పియానో ఏం దూరుస్తోందో వినండి. రెండూ కలిపి 20 నిమిషాల పని.

దీనికి ఇంకో దారి కూడా ఉంది, నాకైతే అదే ఎక్కువ పనికొచ్చింది. 1965లో కెనడా టీవీ సీబీసీలో వయొలినిస్ట్ యెహూదీ మెనూహిన్, పియానిస్ట్ గ్లెన్ గూల్డ్ కలిసి ఇదే ముక్క వాయించారు, వాయించే ముందు దాని గురించి మాట్లాడుకున్నారు. మెనూహిన్‌కి ఈ సంగీతం మీద పెద్ద నమ్మకం లేదు, ఆ మాట దాచుకోడు కూడా, గూల్డ్‌కేమో షోన్‌బర్గ్ అంటే ప్రాణం. అంత పెద్ద వయొలినిస్టే అనుమానంగా మొదలుపెట్టి తర్వాత అలా వాయించాడంటే మనకి కొంచెం ధైర్యం వస్తుంది. వీడియో కాబట్టి చేతులు కనపడతాయి, ఆ గెంతులు ఎంత దూరమో కళ్ళతో చూస్తే చెవికి సులువవుతుంది.

ఆఖర్న కోల్‌మన్. ఆర్నెట్ కోల్‌మన్ 1930లో టెక్సస్‌లో పుట్టిన జాజ్ మనిషి, శాక్సఫోన్ వాయించేవాడు, 1960లలో వయొలిన్ తనంతట తనే నేర్చుకున్నాడు, అదీ ఎడమచేత్తో. గురువులేని వయొలిన్ ఎలా ఉంటుందో వినాలంటే 1965లో స్టాక్‌హోమ్ గోల్డెన్ సర్కిల్ క్లబ్‌లో చేసిన రికార్డింగులున్నాయి, కొందరికి చెవి పోటు, నాకు భలే ఇష్టం. ఈ ఆల్బమ్‌లో ఉన్నది ఆయన ఒంటరి వయొలిన్‌కి రాసిన ట్రినిటీ. పియానో లేదు. మూడు ముక్కలు పియానో వెంట పడి విన్న చెవికి ఇక్కడ ఆ ఖాళీ గట్టిగా తెలుస్తుంది, వయొలిన్ రెండు తీగలు ఒకేసారి లాగినప్పుడల్లా అది ఆ ఖాళీని తనే పూడ్చుకుంటున్నట్టు అనిపిస్తుంది. నేరుగా దీనితో మొదలుపెట్టి ఉంటే ఈ మాట మీకు తట్టేది కాదు.

ఈ ఆల్బమ్ అయ్యాక షూబర్ట్ ఒక్కదాన్ని పాత రికార్డింగులతో పోల్చి చూడండి. వయొలిన్ మీద అడాల్ఫ్ బుష్, పియానో మీద రుడాల్ఫ్ సెర్కిన్ 1931లో రికార్డ్ చేశారు, అప్పట్లో 78 ఆర్‌పీఎమ్ ప్లేటుకి ఒక వైపు నాలుగైదు నిమిషాలే పట్టేది, అందుకని ఇంత పొడుగు ముక్కని పక్కలుగా కోసి వాయించాల్సి వచ్చేది. గరగర ఉంటుంది, రెండు నిమిషాల్లో చెవి అలవాటు పడిపోతుంది. బుష్ ఒక నోట్ నుంచి ఇంకో నోట్‌కి వేలు జారుస్తూ పోతాడు, మన జారు తెలిసినవాళ్ళకి అది వెంటనే నచ్చుతుంది, తర్వాతి తరం వయొలినిస్టులు ఆ అలవాటు బాగా తగ్గించేశారు. అది కాక షైమన్ గోల్డ్‌బర్గ్, రాడు లూపు జంట ఒకటుంది, అందులో లూపు ట్రెమొలో వినండి, సన్నసెగ మీద పాలు పొంగబోయే ముందు కదిలినట్టు కదులుతుంది, నాకు తెలిసి పియానోలో అంత మెత్తగా ఎవరూ తియ్యలేదు. జెన్నిఫర్ కో, ఉచిదా జంటది వీటికంటే శుభ్రంగా, కాస్త ఆధునికంగా ఉంటుంది, నేర్చుకోవడానికి అదే సులువు.

ఇంకా ఆకలి ఉంటే షూబర్ట్‌దే వాండరర్ ఫాంటసీ వినండి, డి 760, పియానో ఒక్కటే, 1822 నాటిది, దాన్లోనూ ఆగకుండా నడిచే భాగాలు, మధ్యలో తన పాత పాట, అంటే ఈ ప్లాన్‌ని అయిదేళ్ళ ముందే ఒకసారి ప్రయత్నించాడన్నమాట. పియానో పదును మరీ ఎక్కువనిపిస్తే సేన్-సాన్స్ 1907లో వయొలిన్‌కీ హార్ప్‌కీ రాసిన ఓపస్ 124 ఉంది. సరసాటే కార్మెన్ ఫాంటసీ అని యాప్ మీకు పదే పదే చూపిస్తుంది, అది వేరే జాతి, బిజే రాసిన కార్మెన్ అనే ఆపెరాలోని (పాడుతూ నడిపే నాటకం) హిట్ ట్యూన్లు ఏరి వయొలినిస్ట్ గారడీ చూపించుకోవడానికి కట్టింది, సరదాగా ఉంటుంది, అందులో మాత్రం పియానో సంగతి మర్చిపోయి వయొలిన్‌నే చూడండి.